వేరే రాష్ట్రం నుంచి విశాఖకు కుటుంబంతో వస్తున్నారా? అద్దె ఇల్లు ఇలా వెతుక్కోండి

బెంగళూరులోనో పుణెలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని విశాఖపట్నంలో అద్దె ఇల్లు వెతుకుతున్నవాళ్ళకు ముందుగా ఒక మాట. ఏ ఏరియాలో ఉండాలో అక్కడి నుంచే తేల్చుకోండి, ఇల్లు మాత్రం ఇక్కడికి వచ్చి చూశాకే తీసుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తున్న ఫొటో యాప్‌లో చూడగానే మనసు పారేసుకుని, ఇల్లు చేజారిపోతుందేమోనన్న టెన్షన్‌తో అడ్వాన్స్ పంపేసి, ఆ తర్వాత ఆఫీసుకు ఎంత దూరం, స్కూల్ బస్సు ఆ వీధిలోకి వస్తుందా, కుళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయి అని ఆరా తీస్తారు. అప్పటికి చేసేదేమీ ఉండదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చే కుటుంబానికి ఇల్లు రెండు నెలలకే మారడమంటే ఎంత కష్టమో వేరే చెప్పాలా.

విశాఖ మ్యాప్ ఒకసారి పెద్దది చేసి చూడండి. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క కొండలు, ఆ మధ్యలో జాతీయ రహదారి వెంబడి పొడుగ్గా సాగిపోయిన ఊరు ఇది. హైదరాబాద్‌లా అన్ని వైపులకూ గుండ్రంగా పెరగలేదు. గాజువాక నుంచి మధురవాడకు 25 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, ఆ దారంతా దాదాపు ఒకే రోడ్డు మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఉద్యోగం ఏ కొసన ఉంటే ఇల్లు ఆ కొసకే చూసుకోవాలి. స్టీల్‌ప్లాంట్, పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ వైపు పనిచేసేవాళ్ళకు గాజువాక, కూర్మన్నపాలెం నయం. రుషికొండ ఐటీ హిల్స్ వైపైతే మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ, సాగర్‌నగర్. కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్), ఆంధ్రా యూనివర్సిటీ, కలెక్టరేట్, సిరిపురం చుట్టుపక్కల ఆఫీసులైతే పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ, సీతమ్మధార. భార్యాభర్తలిద్దరివీ చెరో కొసన ఉద్యోగాలైతే అక్కయ్యపాలెం, మర్రిపాలెం, ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర చూసుకుంటే ఇద్దరికీ సగం సగం పడుతుంది. ఫార్మా కంపెనీలు చాలావరకు సొంత బస్సులు నడుపుతాయి. ఇల్లు వెతికే ముందే హెచ్ఆర్‌ని అడిగి ఆ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో రాయించుకోండి, ఆ స్టాపులే మీ వెతుకులాటకు హద్దులు.

పిల్లలుంటే స్కూలు ఇంటికంటే ముందు. సీటు ఖాయమయ్యాక, ఆ స్కూల్ బస్సు ఏయే కాలనీలకు వెళుతుందో ట్రాన్స్‌పోర్ట్ చూసే మనిషితో ఫోన్లో మాట్లాడితే ఏరియా సగం తేలిపోతుంది. కర్ణాటక, మహారాష్ట్ర నుంచి వచ్చే పిల్లలకు సెకండ్ లాంగ్వేజ్ ఏం ఇస్తారో కూడా అప్పుడే అడగండి. ఏడో తరగతి పిల్ల ఒక్కసారిగా తెలుగు పద్యాలు అప్పజెప్పాలంటే బెంబేలెత్తిపోతుంది, ఆ సంగతి ముందే తెలిస్తే ట్యూషన్ ఏర్పాటన్నా చేసుకోవచ్చు.

ఇక ఎప్పుడు వెతకాలి? ఆంధ్రలో స్కూళ్ళు జూన్ రెండో వారంలో తెరుస్తారు, అందుకని మే నెలంతా ఇళ్ళ కోసం పోటీ. ఉదయం పెట్టిన టూలెట్ బోర్డు సాయంత్రానికి తీసేస్తారు. పిల్లల చదువు అడ్డం లేనివాళ్ళు ఆషాఢ మాసంలో రండి. ఆ నెలలో కొత్తింట్లో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు, ఖాళీ ఇళ్ళు అలాగే ఉండిపోతాయి, ఓనర్లు అద్దె దగ్గర కాస్త దిగుతారు. పట్టింపు లేని వాళ్ళకు బేరానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఇప్పుడు అసలు విషయం, సముద్రం. బీచ్ ఎదురుగా ఇల్లంటే అందరికీ ఆశే, తప్పేం లేదు. కానీ ఏడాది పొడవునా ఉండే కుటుంబానికి నా సలహా, అలల హోరు వినపడేంత దగ్గర వద్దు, రెండుమూడు వీధులు లోపలికి తీసుకోండి. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర ఉంటుంది. ఒడ్డును ఆనుకున్న మొదటి వరస ఇళ్ళ మీద అది ఎక్కువగా పడుతుంది, లోపలికి వచ్చేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. చల్లగాలి మాత్రం లోపలి వీధులకూ వస్తుంది. మొదటి వరసలో ఉంటే కిటికీ గ్రిల్స్, ఇనుప బీరువా, ఫ్రిజ్ వెనక రేకు, బండి చైను, వాషింగ్ మెషీన్ అడుగు భాగం అన్నీ తుప్పు పడతాయి. ఏసీ బయటి యూనిట్‌లో అల్యూమినియం రేకులు పొడిపొడిగా రాలిపోయి గ్యాస్ లీకవడం ఇక్కడ మెకానిక్‌లకు రోజూ చూసే పని. పుణె నుంచి కొత్త ఏసీ, కొత్త ఫ్రిజ్ తెచ్చుకుంటున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

తుప్పు సామాన్లతో ఆగదు. ఉప్పు చెమ్మ స్లాబులోకి దిగితే లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, ఉబ్బి కాంక్రీటును నెట్టేస్తాయి, పెచ్చులు ఊడి కింద పడతాయి. కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు టైల్స్, మాడ్యులర్ కిచెన్ చూసి మురిసిపోకుండా తల పైకెత్తండి. బాల్కనీలో నిలబడి పై అంతస్తు బాల్కనీ అడుగు భాగం చూడండి. అక్కడ గోధుమ రంగు చారలు, పొడుగ్గా బీటలు, కొత్తగా సిమెంటు పూసిన అతుకులు కనిపిస్తే ఆ బిల్డింగ్ వయసు అదే చెబుతుంది. బాత్రూం స్లాబు, కిటికీల పైన సన్‌షేడ్ కూడా చూడండి. ఊడిన పెచ్చు మీద రంగు వేసేయడం తేలిక, లోపలి చువ్వను బాగుచేయడం ఖర్చుతో కూడిన పని. రంగు కొత్తగా ఉండి కింద గోడ గరుకుగా ఎగుడుదిగుడుగా తగిలితే అడగండి. చేత్తో తడిమి చూడటానికి మొహమాటపడకండి, రేపు ఆ స్లాబు కింద నిద్రపోయేది మీ పిల్లలే.

అక్టోబర్, నవంబర్ అంటే ఇక్కడ తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. అద్దాలు పగిలి, చెట్లు కూలి, కొన్ని ప్రాంతాల్లో రోజుల తరబడి కరెంటు లేకుండా జనం గడిపారు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే ట్యాంకులోకి నీళ్ళెక్కవు. అంతకుముందు కట్టిన బిల్డింగైతే వాచ్‌మన్‌నో పక్క ఫ్లాట్ వాళ్ళనో ఒక్క ప్రశ్న అడగండి, "హుద్‌హుద్ అప్పుడు ఇక్కడ ఏమైందండీ?" అని. ఏ వైపు కిటికీలు పోయాయి, వాన ఏ గదిలోకి కొట్టింది, జనరేటర్ లిఫ్టుకేనా మోటారుకు కూడానా, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతారు. కొత్త బిల్డింగైతే కిటికీల స్లైడింగ్ చానెల్‌లో నీళ్ళు బయటకు పోవడానికి కన్నాలున్నాయో లేదో చూడండి. లేకపోతే ఈదురుగాలి వానలో చానెల్ నిండిపోయి నీళ్ళు మంచం మీదికే వస్తాయి.

గెడ్డ (వాన నీళ్ళు పారే పెద్ద కాలువ) పక్కన ఉన్న ఇళ్ళు, కొండవాలులో ఉన్న ఇళ్ళు అద్దె తక్కువకు దొరుకుతాయి. గెడ్డ పక్కనైతే పెద్ద వానకు నీళ్ళు వీధిలోకి పొంగుతాయి, మిగతా రోజుల్లో దోమలు. కొండవాలులోనైతే వెనక రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా కట్టిన గోడ) ఎలా ఉందో చూసుకోవాలి. పోర్టుకు దగ్గరగా ఉన్న వన్‌టౌన్, కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం వైపు బొగ్గు దుమ్ము గురించి జనం ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్ళో చంటిపిల్లలో ఉంటే అటువైపు ఇల్లు వద్దు, అద్దె ఎంత తక్కువైనా సరే. ఫ్యాక్టరీలను ఆనుకుని ఉన్న కాలనీల విషయంలోనూ అంతే, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైన సంగతి ఈ ఊరు మర్చిపోలేదు.

నీళ్ళ గురించి మూడు ప్రశ్నలు అడగాలి, మూడూ విడివిడిగా. మున్సిపల్ కుళాయి ఉందా, ఎన్ని గంటలకు వస్తుంది, ఎంతసేపు? బోరు నీళ్ళు ఉప్పా మంచివా? ఎండాకాలం ట్యాంకర్ తెప్పిస్తారా, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లోనా విడిగానా? "నీళ్ళకేం ఇబ్బంది లేదండీ" అని ఓనర్ అంటే అది జవాబు కాదు. సముద్రానికి దగ్గర బోర్లలోకి ఉప్పునీరు చేరుతుంది, ఆ నీళ్ళతో జుట్టు అట్టకట్టడం, గీజర్ కాయిల్ కాలిపోవడం, గిన్నెల మీద తెల్ల మచ్చలు మామూలే. తెలుసుకోవడం చాలా తేలిక. ఇల్లు చూడటానికి వెళ్ళేటప్పుడు బ్యాగులో చిన్న సబ్బుముక్క పెట్టుకోండి. బాత్రూం కుళాయి తిప్పి చేతులు కడుక్కోండి. నురగ రాకుండా చేతులు జిగటగా అంటుకుంటుంటే ఏ బ్రోకర్ మాటా వినక్కర్లేదు. కుళాయి మొదళ్ళ దగ్గర, షవర్ కన్నాల చుట్టూ తెల్లగా గార కట్టి ఉందేమో కూడా చూడండి. వంటింటి కుళాయికి ఏ లైను ఇచ్చారో విడిగా అడగండి, కొన్ని గ్రూప్ హౌసుల్లో వంటింటికి మాత్రమే మున్సిపల్ నీళ్ళు, మిగతాదంతా బోరు.

దూరం నుంచి వెతుకుతున్నవాళ్ళకు పొంచి ఉన్న అసలు ప్రమాదం మోసగాళ్ళు. నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్, 99ఏకర్స్, ఓఎల్ఎక్స్ అన్నీ చూడండి, రేట్లు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. కానీ మంచి ఏరియాలో, మంచి ఫొటోలతో, చుట్టుపక్కల కంటే బాగా తక్కువ అద్దెకు ఇల్లు కనిపించిందంటే అనుమానించండి. కథ ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది. "నేను ఆర్మీలో ఉన్నానండీ, వేరే చోటికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు చూపించడానికి మనిషి లేడు, టోకెన్ పంపితే మీకోసం ఆపుతాను" అంటాడు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు కూడా పంపుతాడు. ఇది నేవీ ఊరు కాబట్టి "నేవీలో ఉన్నాను" అంటే మనవాళ్ళు ఇంకా తొందరగా నమ్మేస్తారు. తర్వాత "మా ఆఫీసు పద్ధతి వేరు, ముందు మీకే డబ్బు వస్తుంది, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఇది ఇంట్లో అమ్మానాన్నలకు కూడా చెప్పి ఉంచండి, ఇంటి పనిలో సాయం చేద్దామని వాళ్ళే ఫోన్ ఎత్తి ఇరుక్కుంటారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఓనర్ నిజమో కాదో తెలుసుకోవడానికి రెండు కాగితాలు అడగండి: ఇటీవలి కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు. రెండింటి మీదా పేరు, ఆయన ఆధార్ మీది పేరు, అడ్వాన్స్ వేయమన్న బ్యాంకు ఖాతా పేరు, నాలుగూ కలవాలి. కలవకపోతే కారణం ఉండొచ్చు, తండ్రి పేరు మీద ఇంకా మారకపోయి ఉండొచ్చు, ఆ కారణం కాగితంతో సహా చూపించమనండి. నిజమైన ఓనర్ దీనికి కోపం తెచ్చుకోడు, ఆయనా మీ ఆధార్, ఆఫీసు ఐడీ అడుగుతాడు కదా.

వీడియో కాల్‌లో ఇల్లు చూడటం పనికొస్తుంది, అయితే వడపోతకు మాత్రమే. చూపించే మనిషిని ఇంట్లో నుంచి కాకుండా వీధి మొదటి నుంచి మొదలుపెట్టమనండి. రోడ్డు, గేటు, అపార్ట్‌మెంట్ పేరు, మెట్లు, తలుపు, ఇలా కాల్ కట్ చేయకుండా నడవాలి. మీటర్ బోర్డు దగ్గర ఆగి సర్వీస్ నంబర్ చూపించమనండి, ఆ నంబర్ బిల్లుతో కలవాలి. తర్వాత కుళాయి తిప్పమనండి, బాల్కనీ పై స్లాబు చూపించమనండి, అన్ని కిటికీలూ తెరిపించండి, ఎదురింటి గోడ ఎంత దూరంలో ఉందో అప్పుడు తెలుస్తుంది. ఇష్టం లేక గొణుగుతున్నాడంటే ఆ ఇల్లు వదిలేయండి.

ఇలా నాలుగైదు ఇళ్ళు పక్కన పెట్టుకుని రండి. హైదరాబాద్ వాళ్ళు శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం పొద్దున్నే విశాఖలో ఉంటారు, ఆ రెండు రోజులు చాలావరకు సరిపోతాయి. దూరం నుంచి వచ్చేవాళ్ళైతే ఉద్యోగంలో చేరాల్సిన మనిషి ముందు వచ్చి పేయింగ్ గెస్ట్‌గానో సర్వీస్ అపార్ట్‌మెంట్‌లోనో రెండు వారాలుండి, ఇల్లు కుదిరాక కుటుంబాన్ని తెచ్చుకోవడం ఉత్తమం. ఆ ఖర్చు తప్పుడు ఇంట్లో చేరి మారడం కంటే తక్కువే.

వచ్చాక యాప్ మూసేసి నడవండి. మంచి ఇళ్ళు చాలా వరకు యాప్‌లోకి రాకుండానే అయిపోతాయి, ముఖ్యంగా ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి పాత కాలనీల్లో. ఇల్లు ఎవరు ఖాళీ చేస్తున్నారో అందరికంటే ముందు తెలిసేది ఇస్త్రీ బండి అతనికి, కిరాణా కొట్టాయనకు, వాచ్‌మన్‌కు. "మాస్టారూ, ఈ లైనులో డబుల్ బెడ్రూమ్ ఏదైనా ఖాళీ అవుతోందా?" అని అడిగితే బోర్డు పెట్టని ఇంటికి కూడా తీసుకెళతారు. ఇల్లు కుదిరితే చేతిలో ఏదైనా పెట్టండి, అది న్యాయం. బ్రోకర్‌తో వెళితే కమీషన్ ఎంతో ముందే తేల్చుకోండి, అగ్రిమెంట్ అయ్యాకే ఇస్తానని చెప్పండి. ఇల్లు చూపించడానికే డబ్బు అడిగేవాళ్ళకు దండం పెట్టి వచ్చేయండి.

నచ్చిన ఇంటికి రెండోసారి రాత్రి ఎనిమిది దాటాక వెళ్ళండి. పార్కింగ్‌లో బళ్ళు ఎలా ఇరుక్కున్నాయి, వీధి దీపాలున్నాయా, కుక్కలు ఎన్ని, పక్కన ఫంక్షన్ హాల్ ఉందా, పైవాళ్ళ టీవీ ఎంత వినపడుతోంది, ఇవన్నీ రాత్రే తెలుస్తాయి. ఆర్కే బీచ్ పక్క వీధులైతే ఆదివారం సాయంత్రం ఒకసారి చూడండి. ఇక్కడ నేవీ డే విన్యాసాలు జరిగే రోజునా, డిసెంబర్ 31 రాత్రీ బీచ్ రోడ్డు మీద ట్రాఫిక్ ఆపేస్తారు, ఇంటికి చేరడమే కష్టమవుతుంది.

ఓనర్ దగ్గర కూర్చున్నప్పుడు వెజ్జా నాన్‌వెజ్జా, ఎంతమంది ఉంటారు, చుట్టాలు ఎక్కువగా వస్తారా, ఇవన్నీ అడుగుతారు. మీరు ఏమిటండీ అని కులం, మతం కూపీ లాగేవాళ్ళూ ఉన్నారు. ఇది తప్పు, తప్పని చెప్పడానికి వెనకాడక్కర్లేదు, కానీ ఆ మనసున్న ఓనర్ ఇంట్లో వాదించి చేరినా తర్వాత మనశ్శాంతి ఉండదు. దళిత, ముస్లిం కుటుంబాలకు ఈ బాధ ఇంకా ఎక్కువ, మంచి జీతాలున్నా ఇల్లు చూపించాక "మా అబ్బాయి వస్తున్నాడు" అనే మాట వింటారు. అలాంటి చోట ఓనర్ కింద ఉండే పోర్షన్ల కంటే, ఓనర్ వేరే ఊళ్ళో ఉండే అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు తేలిగ్గా కుదురుతాయి. ఆఫీసులో అప్పటికే అక్కడుంటున్నవాళ్ళ ద్వారా వెళితే ఇంకా మంచిది.

అడ్వాన్స్ ఇక్కడ సాధారణంగా రెండుమూడు నెలల అద్దె. బెంగళూరులో పది నెలలు కట్టినవాళ్ళకు ఇది హాయిగా అనిపిస్తుంది. అగ్రిమెంట్ సాధారణంగా 11 నెలలకు రాస్తారు. కాగితంలో ఇవి ఉన్నాయో లేదో చదవండి: ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు, నోటీసు ఎన్ని నెలలు, మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, ఏటా ఎంత పెంచుతారు. ఇక్కడికి వచ్చేవాళ్ళు ఇంకో వాక్యం రాయించుకోవాలి, గ్రిల్స్ తుప్పు, స్లాబు పెచ్చులు, గోడ చెమ్మ ఓనర్ బాధ్యతేనని. లేకపోతే ఉప్పుగాలి చేసిన పనికి మీ అడ్వాన్స్‌లో కోత పడుతుంది. ఇన్‌కమ్ టాక్స్‌లో హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) చూపించేవాళ్ళు, అద్దె ఏడాదికి లక్ష రూపాయలు దాటితే ఓనర్ పాన్ ఆఫీసుకు ఇవ్వాలి. పాన్ ఇస్తారా అని అడ్వాన్స్ ఇచ్చే ముందే అడగండి, ఇచ్చాక అడిగితే ముఖం మాడ్చుకుంటారు.

సామాను తరలింపుకు ఫోన్లో చెప్పిన రేటు నమ్మకుండా, వస్తువుల జాబితాతో రాతపూర్వకంగా తీసుకోండి, లోడింగ్, లిఫ్టు లేని మెట్లు, అన్‌లోడింగ్ అన్నీ కలిపి. వేరే రాష్ట్రం నంబర్ బండి 12 నెలలకు మించి ఇక్కడ తిరిగేటట్టయితే పాత ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి ఏపీ నంబర్ తీసుకోవాలి, టాక్స్ కట్టాలి. ఆ ఎన్ఓసీ ఊరు వదలకముందే తెచ్చుకుంటే మళ్ళీ తిరిగి వెళ్ళే పని ఉండదు.

తాళాలు చేతికొచ్చిన రోజు, సామాను దిగకముందే, ఓనర్ పక్కన ఉండగానే కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీయండి. ప్రతి గదిలో గోడలు, స్లాబు, గ్రిల్స్, కుళాయిలు, ఏసీ పాయింట్లు, ఫ్యాన్లు వీడియో తీసి అదే నిమిషంలో ఓనర్‌కు వాట్సాప్ చేయండి. బాల్కనీ గ్రిల్‌కు తుప్పు ఉంటే దగ్గర నుంచి ఇంకో ఫొటో. ఆయన "ఓకే" అని పెట్టిన ఆ మెసేజ్‌కు స్టార్ గుర్తు పెట్టుకుని ఉంచండి, ఖాళీ చేసే రోజున అడ్వాన్స్ లెక్క దగ్గర అదే మాట్లాడుతుంది.